కుక్క వెనకబడిన రోజు

పటగోనియాలో గాలికి సెలవుండదు.
ఇవాళ ఎందుకో నెమ్మదించింది.
కొండ రెండుగా చీలిన సందులోంచి
కలేతా పెర్దీదా కనబడింది:
పదకొండు ఇళ్ల కప్పులు, ఒక పొగ,
ఒడ్డు వెంట ఆరువందల మీటర్ల గులకరాళ్ల బాట.
అదే రన్‌వే.
ఆ చివర నీళ్లు. ఈ చివరా నీళ్లే.

పక్క సీట్లో బడి పంతులమ్మ ఎదువీహిస్
కుట్టుమిషను తలకాయ ఒళ్లో పెట్టుకుని
నోరు తెరిచి నిద్రపోతోంది.
వెనక టీకాల పెట్టె, రెండు పిండి బస్తాలు,
ఎవరివో పెళ్లిబూట్లు.

వేగం తగ్గించాను.
చెయ్యి దానంతటదే వెళ్లి ఫ్లాప్స్ మీట కిందికి నొక్కింది.
పందొమ్మిదేళ్లుగా అంతే,
చీకట్లో సొంతింటి గొళ్లెం తీసే చెయ్యిలా.

ఏదో తక్కువైంది.
ఏమిటో వెంటనే తెలియలేదు.
రాత్రి పదింటికి ఊరి జనరేటరు ఆపేస్తే
గాఢనిద్రలో ఉన్నవాళ్లు కూడా ఒకసారి మసులుతారే,
అలాంటి తక్కువ.

రెక్కలోని ఆ చిన్న మోటారు
ముసలాయన కుర్చీలోంచి లేచినట్టు
ప్రతిసారీ మూలిగేది.
ఇవాళ మూలగలేదు.
విమానం ఎప్పటిలా ఒక్క క్షణం పైకి ఉబకలేదు.
వేగం సూది డెబ్బై ఐదు దగ్గరే నిలబడింది,
పిలిచినా పలకని పిల్లాడిలా.
రన్‌వే మాత్రం వస్తూనే ఉంది.

తల తిప్పి చూశాను.
అంచున ఉండే రేకు రెక్కకే అతుక్కుని ఉంది,
వానకి ఉబ్బి బిగుసుకున్న కిటికీ తలుపులా.
మీట పైకి. కిందికి. మళ్లీ పైకి.
లిఫ్టు బటను పదిసార్లు నొక్కేవాళ్లని చూసి
సాంతియాగోలో నవ్వేదాన్ని.

భయం అనను.
అరచేతిలో ఎవరో చల్లని నాణెం పెట్టినట్టు, అంతే.
తర్వాత లెక్క:
పది నాట్ల వేగం ఎక్కువ,
పరుగు ఒకటికి ఒకటిన్నర,
గులకరాళ్ల మీద బ్రేకు మాట వినదు.
రెండోసారి లెక్కేశాను.
రెండోసారీ అదే వచ్చింది.

థ్రాటిల్ నెట్టి పైకి లేచి
ఊరి మీద ఒక చుట్టు తిరిగాను.
ఆ హోరుకి పంతులమ్మ కళ్లు తెరవలేదు,
కుట్టుమిషనుని ఇంకాస్త దగ్గరకి లాక్కుంది.

నాకు నేర్పిన బాల్దోమేరోకి ఫ్లాప్స్ అంటే చులకన.
అవి లేని విమానాల్లో జుట్టు నెరిసిన మనిషి.
'దిగడానికి రేకులెందుకే,
ఒళ్లు ఓరగా తిప్పు,
ఇరుకు సందులో బస్తా మోసేవాడిలా' అనేవాడు.
అప్పట్లో వింటున్నట్టు తలూపేదాన్ని.
ఇప్పుడు ఒక కాలు పూర్తిగా తొక్కి
చెయ్యి ఎదురువైపు వంచి
విమానాన్ని అడ్డంగా జార్చాను.
తలుపు సందులోంచి గాలి ఈల వేసింది.
రన్‌వే పక్క కిటికీలో ఉంది,
ఎదుటి అద్దంలో కొండ.
అలలు లెక్కపెట్టగలిగేంత కిందికొచ్చి
తిన్నగా చేసి, వదిలాను.

అది దిగనంది.
నేలని చూస్తూ నేల మీదుగా తేలిపోయింది,
వంద మీటర్లు,
ఇంకో యాభై,
చాలు, దిగవే తల్లీ,
అప్పుడు చక్రాల కింద రాళ్లు దడదడలాడాయి.
తొక్కాను, వదిలాను, తొక్కాను.
నీళ్లు పెద్దవవుతున్నాయి.
ఒడ్డున తిరగేసిన పడవ.
దాని మీద పేరుందని నాకిన్నాళ్లూ తెలియదు:
రోసౌరా.
చివరి అక్షరం దగ్గర ఆగాం.

ప్రొపెల్లరు ఆగాక కూడా
నా ఎడమ మోకాలు దాని మానాన అది ఆడుతోంది.
పంతులమ్మ మూతి తుడుచుకుని
కొట్టులో బాకీ కట్టాలని గుర్తుచేసుకుంది.

పడవ పక్కన నికానోర్ నిలబడి ఉన్నాడు,
గొర్రెల్ని రన్‌వే మీంచి తోలే కుర్రాడు.
దూరంగా, చాలా దూరంగా, వాడి నల్ల కుక్క
నాలుక వేలాడేసుకుని వస్తోంది.
ప్రతి శుక్రవారం అది నా విమానంతో పందెం వేస్తుంది.
సగం దారిలోనే నన్ను దాటేసి
పడవ దగ్గర కూర్చుని నాకోసం చూస్తుంది.

వాడు రెక్క వైపు చూడలేదు.
మీట సంగతి వాడికేం తెలుసు.
నేను తలుపు తీయగానే
కోపంగా అడిగాడు:
'దాన్నెందుకు ఓడించావు?'